ఫెర్హాదియా మసీదు, బన్యా లూకా (బోస్నియా): 1579లో కట్టారు, 1993లో పేల్చారు, 2016లో మళ్ళీ తెరిచారు

రాతిమెట్లు · 2024 మే 7, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. బోస్నియాలో ఈ రోజును మసీదుల దినంగా పాటిస్తారు. 1993లో మే 6వ తేదీ రాత్రి, తెల్లవారితే 7 అనగా, బన్యా లూకా అనే ఊళ్ళో ఫెర్హాదియా మసీదును మందుగుండు పెట్టి పేల్చేశారు. అప్పటికి దానికి 414 ఏళ్ళు. పోయిన అక్టోబర్‌లో నేను వియన్నా నుంచి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళొచ్చాను. అప్పటి నుంచి రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఈ రోజు కూడా రాయకపోతే ఇంక రాయనేమో అనిపించి మొదలుపెట్టాను.

బన్యా లూకా పెద్ద హడావిడి లేని ఊరు. వర్బాస్ అనే నది పారుతుంది. ఒడ్డునే కాస్టెల్ అనే పాత కోట. కోటకు కాస్త దూరంలో, పెద్ద రోడ్డు పక్కనే ఈ మసీదు. పెద్ద గుమ్మటం, ముందు వసారా మీద మూడు చిన్న గుమ్మటాలు, సుమారు 43 మీటర్ల ఒకే ఒక మినారు. ఆవరణలో వజూ, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖం కడుక్కోవడం, చేసుకునే నీళ్ళ తొట్టి. సులేమానియా లాంటి ఇస్తాంబుల్ మసీదులు చూసినవాళ్ళకు ఇది చిన్నదే. కానీ చుట్టూ ఉన్న ఆఫీసు భవనాల మధ్య ఆ కొలతలు ఎంత పొందికగా ఉంటాయంటే, నేను రోడ్డుకి అవతల బెంచీ మీద అరగంట అలా కూర్చుండిపోయాను.

నేను చూసింది 1579 నాటి మసీదు కాదు. 2016లో పూర్తయినది. కానీ అందులో పాత రాళ్ళున్నాయి. ఆ రాళ్ళు ఎక్కడెక్కడి నుంచి వెనక్కి వచ్చాయో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. అదే ఇక్కడ పంచుకోవాలని.

బోస్నియా చరిత్ర చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే మిగతాది చెప్పండి.

---

కృష్ణాతీరం · రాత్రి 8:52

మంచి టాపిక్ అండి. బోస్నియా యుద్ధం (1992-95) అంటే నాకు రాజధాని సారాయేవో ముట్టడి, స్రెబ్రెనిత్సా ఊచకోత ఈ రెండే తెలుసు. యుద్ధంలో ఈ మసీదు ఎలా పోయింది? బాంబులు పడ్డాయా? రెండు సైన్యాల మధ్య ఇరుక్కుందా?

---

రాతిమెట్లు · రాత్రి 9:10

కృష్ణాతీరం గారూ, నేనూ వెళ్ళే ముందు అలాగే అనుకున్నాను. బాంబు పడలేదు. బన్యా లూకాలో అసలు పోరే జరగలేదు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఆ ఊరు బోస్నియాలోని సెర్బుల (ఆర్థడాక్స్ క్రైస్తవుల) నాయకత్వం చేతిలోనే ఉంది. వీధుల్లో సైన్యం, పోలీసులు, రాత్రిపూట కర్ఫ్యూ. అలాంటి ఊళ్ళో, నడిబొడ్డున ఉన్న కట్టడానికి ఎవరో తీరిగ్గా మందుగుండు అమర్చి పేల్చారు. అదే రాత్రి కొద్ది దూరంలోని అర్నావుదియా మసీదునూ పేల్చారు. అదీ 16వ శతాబ్దం చివరిదే.

ఊళ్ళో ఉన్న 16 మసీదుల్లో యుద్ధం అయ్యేసరికి ఒక్కటీ నిలబడలేదు.

---

పాతపుస్తకం · రాత్రి 10:34

రాతిమెట్లు గారూ, ధన్యవాదాలు. పదేళ్ళుగా బాల్కన్ చరిత్ర చదువుతున్నాను కాబట్టి ముందు భాగం నేను చెప్తాను. కాస్త పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి.

కట్టించినవాడు ఫెర్హాద్ పాషా సొకొలోవిచ్. ఆ ఇంటిపేరు గమనించండి, స్లావు పేరు. ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యానికి మహా వజీరుగా చేసిన సొకొల్లు మెహ్మెద్ పాషాది కూడా ఇదే వంశం. ద్రీనా నది మీద విషెగ్రాద్ వంతెన కట్టించిన మెహ్మెద్ పాషా ఈయనే. బోస్నియా నేల మీద పుట్టి, ఇస్తాంబుల్ కొలువులో పైకొచ్చి, మళ్ళీ సొంత గడ్డ మీద వంతెనలు, మసీదులు కట్టించిన కుటుంబం. అంటే ఫెర్హాదియా ఎక్కడి నుంచో వచ్చి పడ్డ పరాయి కట్టడం కాదు. దాన్ని పేల్చినవాళ్ళు మాట్లాడే భాషే, దాన్ని కట్టించిన పాషా పుట్టింటి భాష.

1574 నుంచి ఫెర్హాద్ పాషా బోస్నియా సంజాక్‌కు (ఒట్టోమన్ జిల్లా లాంటిది) అధికారి. 1575లో క్రొయేషియా సరిహద్దులో బుదాచ్కి దగ్గర ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ రాజుల సైన్యంతో యుద్ధం జరిగింది. వాళ్ళ సేనాని హెర్బర్ట్ ఫాన్ ఆవర్స్‌పెర్గ్ అందులో చనిపోయాడు, కొడుకు పట్టుబడ్డాడు. కొడుకును విడిపించుకోవడానికి ఆ కుటుంబం 30,000 డుకాట్లు (బంగారు నాణేలు) ఇచ్చిందని, ఆ డబ్బుతోనే ఈ మసీదు కట్టారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. తండ్రి తలకు కూడా వెల కట్టారని ఇంకో పాఠం. ఎంతవరకు నిజమో గానీ కథ మాత్రం ఆ ఊరి పిల్లలందరికీ తెలుసట.

ఇంకో కథ నాకు చాలా ఇష్టం. మసీదు పూర్తయ్యాక, ఇలాంటిది ఇంకెక్కడా కట్టకూడదని పాషా తాపీవాళ్ళను మినారులో బంధించాడట. వాళ్ళు రాత్రికి రాత్రి రెక్కలు చేసుకుని ఎగిరిపోయారట. గొప్ప కట్టడం ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. సాధారణంగా చేతులు నరికారని ముగుస్తుంది. ఇక్కడ మాత్రం తాపీవాళ్ళు తప్పించుకున్నారు.

1580లో బోస్నియాను పెద్ద రాష్ట్రంగా చేసి ఫెర్హాద్ పాషాను దానికి మొదటి బెయ్లర్‌బెయ్‌గా, అంటే రాష్ట్ర పాలకుడిగా, పెట్టారు. ఆయన బన్యా లూకా నుంచే పరిపాలించాడు. మసీదు ఒక్కటే కట్టి ఊరుకోలేదు. బజారు, స్నానశాల, వంతెన, దుకాణాలు, మరలు కట్టించి వాటిని వక్ఫ్ చేశాడు. దుకాణాల మీద వచ్చే అద్దెతోనే మసీదు నడవాలి, ఇమాముకు జీతం రావాలి, దీపానికి నూనె రావాలి. అంతకు ముందు ఓ మోస్తరు పల్లె, దాని పక్కన కోట. ఈ వక్ఫ్ చుట్టూ ఊరు పెరిగింది. ఇక్కడ మసీదు కోసం ఊరు పుట్టిందన్నా తప్పు లేదు.

ఆ తర్వాత 1688లో, 1737లో హాబ్స్‌బర్గ్ సైన్యాలు ఊరి మీదికి వచ్చాయి. 1878లో ఆస్ట్రియా-హంగరీ ఏలుబడి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాలయ్యాయి. 1950లో, అప్పట్లో బోస్నియా భాగంగా ఉన్న యుగోస్లావియా దేశపు ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. 1969 అక్టోబర్‌లో పెద్ద భూకంపం వచ్చి ఊరు సగం దెబ్బతింటే మసీదూ దెబ్బతింది, బాగుచేసుకున్నారు. ఇన్నిటికి నిలబడ్డది ఒక్క రాత్రికి పోయింది.

---

చార్మినార్_సందులు · రాత్రి 11:20

పాతపుస్తకం అన్నా, చదువుతుంటే గుండె బరువెక్కింది. 1579 అంటే మన దగ్గర గోల్కొండలో ఇబ్రహీం కులీ చివరి రోజులు. చార్మినార్‌కు ఇంకా 12 ఏళ్ళుంది.

ఆ ఊరి మాటల్లో మనకు తెలిసినవి చాలా ఉంటాయి, తెలుసా? బోస్నియాలో కొట్టును 'దుచాన్' అంటారు, అది మన దుకాణమే. 'షెచెర్' అంటే చక్కెర. 'బాదెమ్' అంటే బాదం. పేటను 'మహలా' అంటారు, మా పాతబస్తీలో మొహల్లా. వక్ఫ్‌ను 'వకుఫ్' అంటారు. అటు టర్కీ మీదుగా వాళ్ళకూ, ఇటు పారసీ మీదుగా మనకూ చేరిన మాటలు. ఒట్టోమన్ వంశంతో హైదరాబాద్‌కు నేరుగా చుట్టరికమే ఉంది కదా. చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ను 1931లో నిజాం పెద్దకొడుకు ఆజం జాకు ఇచ్చి నీస్ నగరంలో పెళ్ళి చేశారు. మా నానమ్మ ఆమె గురించి చెప్పేది.

టాపిక్ దారి తప్పించినందుకు క్షమించండి. ఒక ప్రశ్న. మసీదు పక్కన ఫెర్హాద్ పాషా సమాధి ఉండేదని ఎక్కడో చదివాను. అదీ పోయిందా?

---

పాతపుస్తకం · రాత్రి 11:41

పోయింది తమ్ముడూ. ఆవరణలో మూడు 'తుర్బే'లు, అంటే సమాధి కట్టడాలు, ఉండేవి. ఫెర్హాద్ పాషాదీ వాటిలో ఒకటి. ఎదురుగా గడియారపు బురుజు, 'సహత్ కులా' అనేవారు. మే నెలలో మసీదు పేల్చాక ఆ ఏడాది తిరిగేలోపు వీటిని కూడా మిగల్చలేదు. ఒక ఆవేశంలో జరిగిన పని అయితే ఒక రాత్రితో ఆగేది. గడియారానికి మతం ఏముంటుంది చెప్పు?

---

కృష్ణాతీరం · మే 8, ఉదయం 7:05

రాత్రి అంతా ఇదే ఆలోచన. నిన్న నేను "యుద్ధంలో ఎలా పోయింది" అని అడిగాను. ఆ మాట ఇప్పుడు నాకే తప్పుగా తోస్తోంది. "యుద్ధంలో పోయింది" అంటే తుపానులో చెట్టు పడిపోయినట్టు ఉంటుంది. పడగొట్టినవాళ్ళు వాక్యంలో కనబడరు.

---

నల్లకోటు · ఉదయం 9:48

కృష్ణాతీరం గారు పట్టుకున్నది చాలా ముఖ్యమైన విషయం. నేను వకీలును, ఈ కోణం గురించి చెప్తాను.

యుద్ధంలో చారిత్రక కట్టడాలను కాపాడాలని 1954 హేగ్ ఒడంబడిక ఉంది. యుగోస్లావియా దానిపై సంతకం చేసిన దేశమే. అయితే ఆ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: సైనిక అవసరం. శత్రువు మినారు ఎక్కి కాల్పులు జరుపుతుంటే ఆ మినారు మీద కాల్చడం నేరం కాకపోవచ్చు. అందుకే కోర్టులో మొదటి ప్రశ్న "అక్కడ పోరు జరుగుతోందా?" అనే. బన్యా లూకాలో పోరు లేదు. కాబట్టి దాన్ని యుద్ధ నష్టం అనడానికి వీల్లేదు. అది సాధారణ జనం మీద జరిగిన దాడి, వాళ్ళ గుర్తుల మీద జరిగిన దాడి.

మాజీ యుగోస్లావియా నేరాల విచారణకు హేగ్‌లో పెట్టిన ట్రిబ్యునల్ నిబంధనల్లో 3వ అధికరణం ఉంది. మతం, దానధర్మాలు, విద్య, కళలకు సంబంధించిన సంస్థలనూ చారిత్రక కట్టడాలనూ కావాలని నాశనం చేయడం యుద్ధ నేరమని అందులో స్పష్టంగా రాశారు. బన్యా లూకా ప్రాంతంలో 1992లో సంక్షోభ కమిటీకి నాయకుడిగా ఉన్న రాదోస్లావ్ బ్రజానిన్‌కు 2004లో 32 ఏళ్ళ శిక్ష పడింది, అప్పీలులో 30 అయింది. ఆయన మీద రుజువైన నేరాల్లో ఆ ప్రాంతంలోని ప్రార్థనాస్థలాల విధ్వంసం కూడా ఉంది.

ఇంకో తీర్పు 2001లో, బోస్నియా సెర్బు సేనాని క్రస్టిచ్ కేసు. కట్టడాలను కూల్చడం ఒక్కటే జాతి నిర్మూలన కిందకు రాదు, కానీ ఒక జాతిని తుడిచిపెట్టాలన్న ఉద్దేశం ఉందని చెప్పడానికి ఆ కూల్చివేతను సాక్ష్యంగా తీసుకోవచ్చని అందులో అన్నారు. మనుషుల్ని తరమడం, మసీదును పేల్చడం రెండూ ఒకే పనిలో భాగాలని ఒప్పుకున్నట్టే కదా.

తర్వాత 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మాలి దేశంలోని తింబుక్తు సమాధుల్ని కూల్చిన కేసులో అల్ మహ్దీకి 9 ఏళ్ళు వేసింది. ఆ కోర్టులో కేవలం కట్టడాల విధ్వంసం మీదే నడిచిన మొదటి కేసు అది.

---

సముద్రపుగాలి · ఉదయం 11:30

అందరి పోస్టులూ చదివాను. నా అభిప్రాయం కాస్త వేరు, తప్పుగా అనుకోవద్దు.

మళ్ళీ కట్టడం సరైనదేనా? ఖాళీ స్థలాన్ని అలాగే వదిలేసి ఉంటే "ఇక్కడ ఒక మసీదు ఉండేది, దాన్ని కూల్చారు" అని ప్రతిరోజూ ఊరంతా చూసేది. ఇప్పుడు కొత్తగా చూడ్డానికి వెళ్ళినవాడికి ఒక అందమైన మసీదు కనబడుతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. 30 ఏళ్ళ తర్వాత పుట్టినవాడికి అది కూలిన సంగతి ఎలా తెలుస్తుంది? పైగా ఊరు వదిలి పారిపోయిన ముస్లింలలో ఎంతమంది తిరిగొచ్చారు? జనం లేని మసీదు ఎవరికోసం?

---

మోడరేటర్ · ఉదయం 11:52

ఒక మనవి. ఈ చర్చ బోస్నియా మసీదు గురించి. మన దేశంలోని కట్టడాల వివాదాలు ఇక్కడికి తేవద్దు, వాటికి వేరే విభాగం ఉంది. ఇప్పటికి రెండు పోస్టులు తీసేశాను. మిగతావాళ్ళు బాగా మాట్లాడుతున్నారు, కొనసాగించండి.

---

ఓరుగల్లు_రాయి · మధ్యాహ్నం 1:15

సముద్రపుగాలి గారూ, నేను సివిల్ ఇంజనీర్‌ని, పాత కట్టడాల మరమ్మతు పనుల్లో కొన్నాళ్ళున్నాను. మీరన్నది నిజమైన ప్రశ్నే. ముందు అక్కడ చేసిన పని ఎలాంటిదో తెలుసుకుంటే ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

పేల్చాక శిథిలాలను అక్కడే వదలలేదు. లారీలతో ఎత్తి ఊరి చెత్తకుప్పల్లో పోశారు, నీళ్ళలో కూడా పారేశారు. స్థలం చదును చేశారు. అంటే ఆనవాలు కూడా మిగలకూడదని. యుద్ధం అయ్యాక, మళ్ళీ కట్టడానికి అనుమతి వచ్చాక, ఆ కుప్పలన్నీ తవ్వి రాళ్ళు ఏరుకొచ్చారు. ప్రతి ముక్కనూ కడిగి, కొలిచి, గీసి, నంబరు వేసి, పాత ఫోటోలతో, కొలతల పటాలతో పోల్చి ఇది ఏ గోడది, ఏ వరసలోది అని తేల్చారు. సారాయేవో ఆర్కిటెక్చర్ ఫ్యాకల్టీ వాళ్ళు చేసిన పని ఇది. పనికొచ్చే రాయి ప్రతిదీ దాని పాత చోట్లోనే పెట్టాలి, లేనిచోట మాత్రమే కొత్త రాయి చెక్కాలి, అదీ పాత పద్ధతిలోనే. ఇదీ నియమం. అందుకే అన్ని ఏళ్ళు పట్టింది.

మన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాయి రాయికీ నంబరు వేసి విప్పి, మళ్ళీ పేర్చి మొన్న మార్చిలో తెరిచారు. రాళ్ళన్నీ పక్కనే వరసగా ఉండగానే అన్నేళ్ళు పట్టింది. అవే రాళ్ళు చెత్తకుప్పలో పదేళ్ళు పడి ఉంటే? పేలుడుకు పగిలి, అంచులు పోయి, ఏది ఏ వైపో తెలియకుండా ఉంటే? ఒక్క రాయికి చోటు దొరకబట్టడానికి ఎన్ని రోజులు కూర్చుని ఉంటారో నేను ఊహించగలను. ఆ పని చేసినవాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు మీ ప్రశ్న. ఖాళీ స్థలం గుర్తుచేస్తుందంటారు. ఎవరికి? ఆ ఖాళీ కూల్చినవాళ్ళు కోరుకున్నదే. ద్రీనా ఒడ్డున జ్వోర్నిక్ పట్టణంలో మసీదులన్నీ కూల్చాక, ఆ ఊరి సెర్బు మేయరు విదేశీ విలేఖరులతో ఇక్కడ అసలెప్పుడూ మసీదులే లేవని చెప్పాడు. కూల్చి ఏడాదైనా కాలేదు అప్పటికి. ఖాళీ స్థలం అలాంటి మాటకు అడ్డం చెప్పలేదండి. నంబరు వేసిన పగిలిన రాయి చెప్పగలదు.

---

సముద్రపుగాలి · మధ్యాహ్నం 2:40

జ్వోర్నిక్ సంగతి నాకు తెలియదు. రాయి గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ జనం సంగతి?

---

పాతపుస్తకం · సాయంత్రం 6:20

జనం సంగతి బాధాకరమే. 1991 జనగణనలో బన్యా లూకా మున్సిపాలిటీలో బోస్నియాక్ ముస్లింలు 15 శాతం దాకా ఉన్నారు. 2013 జనగణన నాటికి 4 శాతం చుట్టూ. కాబట్టి మీ ప్రశ్న తోసిపుచ్చలేం.

కానీ కట్టడానికి ఎంత పోరాడాల్సి వచ్చిందో చూడండి. స్థానిక అధికారులు యుద్ధం అయ్యాక కూడా అనుమతి ఇవ్వలేదు. బోస్నియా మానవ హక్కుల చాంబర్ 1999లో, బన్యా లూకాలో ఏడు మసీదులు మళ్ళీ కట్టుకోవడానికి అనుమతులు ఇవ్వాలని ఆదేశించింది. దాని తర్వాత 2001 మే 7న ఫెర్హాదియాకు శంకుస్థాపన పెట్టుకున్నారు. ఆ రోజు వేలమంది సెర్బు జాతీయవాదుల గుంపు వచ్చి పడింది. వచ్చినవాళ్ళను రాళ్ళతో కొట్టారు, బస్సులు తగలబెట్టారు, నమాజు చాపలు కాల్చారు. విదేశీ రాయబారులతో సహా అతిథులంతా పక్క భవనంలో గంటలకొద్దీ చిక్కుకుపోయారు. దెబ్బలు తిన్న ఒక పెద్దాయన ఆ నెలలోనే చనిపోయాడు. శంకుస్థాపనకని వచ్చిన మనిషి.

నెలన్నర కాకముందే, జూన్ 18న, పోలీసు బందోబస్తు మధ్య మళ్ళీ శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి తెరవడానికి 15 ఏళ్ళు. 2016 మే 7న, పేల్చిన తేదీనే ఎంచుకుని తెరిచారు. టర్కీ ప్రధాని దావుతోగ్లు వచ్చారు. ఆర్థడాక్స్, కాథలిక్, యూదు మత ప్రతినిధులూ వచ్చారు. వేల జనం. ఈసారి ఒక్క రాయి పడలేదు.

ఇంకొకటి చెప్పకపోతే చిత్రం పూర్తి కాదు. బన్యా లూకా సెర్బుల ఆర్థడాక్స్ పెద్ద చర్చిని కూడా 1941లో కూల్చేశారు. జర్మన్ విమానాల బాంబుతో దెబ్బతిన్న దాన్ని క్రొయేషియా ఫాసిస్టులు ఉస్తాషాలు పునాదుల దాకా ఊడపీకించారు. ఆ పనికి ఊళ్ళోని సెర్బులను, యూదులనే వాడుకున్నారు. ఆ చర్చిని మళ్ళీ కట్టడం మొదలైంది 1993లో. అవును, ఫెర్హాదియా పోయిన అదే ఏడాది. తమ గుడి కూలితే ఎలా ఉంటుందో తెలిసిన ఊరది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా మింగుడుపడని విషయం ఇదే.

---

చార్మినార్_సందులు · రాత్రి 8:05

ఆ పెద్దాయన సంగతి చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అల్లా ఆయన్ని కరుణించాలి.

---

గోదారి_అక్క · రాత్రి 9:30

నేను ఈ ఫోరంలో చదవడమే గానీ రాయను. ఇది చదివాక ఫోచా గురించి రాయాలనిపించింది. అక్కడి అలాజా మసీదు గురించి ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో ఒక ప్రాజెక్టు చేశాను.

ఫోచా ద్రీనా నది మీద చిన్న ఊరు. అలాజా అంటే రంగురంగులది అని అర్థం. 1550-51లో హసన్ నజీర్ కట్టించాడు. లోపలి గోడల మీద, వసారాలో, ద్వారం చుట్టూ పూల రంగుల చిత్రాలు. బోస్నియాలో ఉన్న ఒట్టోమన్ చిత్రలేఖనంలో అంత నాజూకైనది ఇంకోటి లేదనేవారు. 1992 ఆగస్టు 2న పేల్చేశారు. అక్కడా అప్పటికి పోరు లేదు. ఊరు చేతికి చిక్కి నెలలు గడిచాయి, ముస్లింలను తరిమేశారు, చంపారు, ఆడవాళ్ళను బంధించి చేసిన ఘోరాల మీద తర్వాత హేగ్‌లో ప్రత్యేకంగా కేసు నడిచింది. ఊరి పేరును కూడా 'స్రబిన్యే' అని మార్చేశారు. మసీదుతోపాటు పేరు కూడా ఉండకూడదని.

రాళ్ళను ద్రీనా ఒడ్డున పూడ్చేశారు. ఏళ్ళ తర్వాత తవ్వి తీశారు. 2019 మే 4న మసీదు మళ్ళీ తెరిచారు.

నా బాధ రంగుల గురించి. రాయి పగిలినా రాయే. ఓరుగల్లు_రాయి గారు చెప్పినట్టు నంబరు వేసి పేర్చవచ్చు. సున్నపు గార మీద వేసిన 16వ శతాబ్దపు పువ్వు పొడి అయిపోతే ఏం ఏరుకొస్తాం? దొరికిన చెక్కడపు ముక్కల్ని గోడలో కలిపారు, పాత ఫోటోలు చూసి బొమ్మలు మళ్ళీ వేశారు. చేసినవాళ్ళు ప్రాణం పెట్టి చేశారు, అందులో సందేహం లేదు. కానీ పాత ఫోటోల్లో చాలావరకు నలుపు తెలుపు. ఒక ఎరుపు ఎంత ఎరుపో ఫోటో చెప్పదు. ప్రాజెక్టు రాస్తున్నప్పుడు ఆ ఒక్క పేరా దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో.

---

ఓరుగల్లు_రాయి · రాత్రి 9:58

అక్కా, మీరు రాయాలి, ఇంకా రాయాలి. మీరన్నది నిజం. రాతిపనిలో మేము ధైర్యంగా మాట్లాడతాం, రంగు దగ్గర మా దగ్గర జవాబు లేదు.

---

నల్లకోటు · రాత్రి 10:25

అసలుదా నకలా అన్న ప్రశ్నకు యునెస్కో ఒకచోట జవాబు ఇచ్చింది. మోస్తార్‌లోని పాత వంతెనను 1566లో కట్టారు, 1993 నవంబర్ 9న బోస్నియా క్రొయాట్ సేనలు ఫిరంగులతో కూల్చాయి. 2004లో మళ్ళీ కట్టారు. 2005లో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మళ్ళీ కట్టిన వంతెన అని తెలిసే చేర్చారు.

సాక్ష్యాల విషయంలో ఒకాయన పేరు చెప్పాలి. ఆండ్రాస్ రీడ్ల్‌మాయర్, హార్వర్డ్‌లో లైబ్రేరియన్. యుద్ధం అయ్యాక బోస్నియా ఊరూరా తిరిగి కూలిన మసీదులు, చర్చిలు, గ్రంథాలయాలు ఒక్కొక్కటిగా ఫోటో తీసి, ముందు ఎలా ఉండేదో ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి నివేదికలు రాశాడు. హేగ్‌లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో సాక్ష్యం చెప్పాడు. మిలోషెవిచ్ తన తరఫున తనే వాదించుకున్నాడు కాబట్టి రీడ్ల్‌మాయర్‌కు స్వయంగా అడ్డప్రశ్నలు వేశాడు. రీడ్ల్‌మాయర్ ఫోటోల్లో నన్ను కదిలించేది ఒకటుంది: చాలాచోట్ల మసీదు నేలమట్టం, పక్కనున్న ఇళ్ళకు గీత కూడా పడలేదు. ఎక్కడ ఎంత మందుగుండు పెట్టాలో తెలిసినవాళ్ళు చేసిన పని అది. దాన్ని చూశాక "యుద్ధంలో పోయింది" అని ఏ జడ్జీ అనలేడు.

---

సముద్రపుగాలి · రాత్రి 11:10

నా మాట కొంత మార్చుకుంటున్నాను. మళ్ళీ కట్టాల్సిందే. కానీ ఆవరణలో కూల్చిన సంగతి చెప్పే పలక, కొన్ని పగిలిన రాళ్ళు అలాగే బయట ఉంచాలని మాత్రం ఇంకా అనుకుంటున్నాను. రాతిమెట్లు గారూ, మీరు చూశారు కదా. అక్కడ మనుషులున్నారా?

---

రాతిమెట్లు · మే 9, ఉదయం 6:40

ఇంత మంది ఇంత రాస్తారని నేను అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. గోదారి అక్కా, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. ఈసారి ఫోచా కూడా వెళ్తాను.

సముద్రపుగాలి గారూ, మనుషులున్నారు. నేను వెళ్ళింది మధ్యాహ్నం నమాజు వేళకు. ఒక వరస నిండింది, రెండో వరసలో నలుగురు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే. నమాజు అయ్యాక ఒక పెద్దాయన నన్ను చూసి జర్మన్‌లో పలకరించాడు. యుద్ధం వచ్చినప్పుడు భార్యాబిడ్డలతో జర్మనీ పారిపోయి, అక్కడే పని చేసి, పిల్లలు స్థిరపడ్డాక భార్యాభర్తలిద్దరే వెనక్కి వచ్చారట. పిల్లలు వేసవిలో వస్తారట, ఉండరట.

నేను ఆయన్ని మీరడిగిందే అడిగాను, ఇది పాతదేనా అని. ఆయన జవాబు చెప్పకుండా గోడ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఒక రాయి మీద చెయ్యి పెట్టి, నా చేతిని కూడా పట్టుకుని దాని మీద పెట్టించాడు. తర్వాత పక్క రాయి మీద. మొదటిది అంచు చితికి గరుకుగా ఉంది, రెండోది నునుపు. మళ్ళీ మొదటిదాని మీద పెట్టించాడు. అంతే.

తర్వాత కోట వైపు నడుచుకుంటూ వెళ్ళాను. కాస్టెల్ దగ్గర సాఫికదా అనే అమ్మాయి సమాధి ఉంది. ఫెర్హాద్ పాషా మనవరాలని చెప్పుకుంటారు. ప్రేమించినవాడు చనిపోయాడని తెలిసి, మధ్యాహ్నం వేళ తెలపడానికి కోటలో పేల్చే ఫిరంగికి ఎదురుగా నిలబడిందని కథ. ఆ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. మసీదుకు వెళ్ళేవాళ్ళూ చర్చికి వెళ్ళేవాళ్ళూ అక్కడ వెలిగిస్తారని, కోరిక తీరుతుందని నమ్మకమని కొట్టు ఆమె చెప్పింది. ఆ పక్కనే చెవాపి (కాల్చిన మాంసపు కబాబు ముక్కలు) తిన్నాను. ఇతర ఊళ్ళలో విడివిడిగా ఉంటాయి గానీ బన్యా లూకాలో నాలుగు కలిపి పలకలా కాలుస్తారు, రొట్టెలో ఉల్లిపాయతో ఇస్తారు.

---

చార్మినార్_సందులు · ఉదయం 7:30

అన్నా, అజాన్ వినపడిందా? మైకు పెట్టారా?

---

రాతిమెట్లు · ఉదయం 7:44

వినపడింది తమ్ముడూ. నేను సాయంత్రం బస్సుకు వెళ్తుంటే మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) వేళయింది. రోడ్డు మీద ట్రాఫిక్ బాగా ఉంది, అందులో కాస్త సన్నగా వినపడింది. స్టాపులో నా పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల ఒకామె చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, అయిపోయేదాకా చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టుకుంది.